ముందు వెంటిలేటర్లు తెరవండి, ఏసీ సంగతి తరవాత

విజయనగరంలో పాత మేడ ఉన్నవాళ్ళని ఎవర్ని కదిపినా ఒకటే మాట: "ఇల్లు బాగుంటుంది గానీ భరించలేకపోతున్నాం." ఎండాకాలం ఉడికిపోతోందంటారు. వానాకాలం గోడలు చెమ్మెక్కి పెచ్చులూడిపోతున్నాయంటారు. ఏసీ పెట్టించినా గది చల్లబడదంటారు. ఆఖరికి కరెంటు బిల్లు తీసి చూపించి, అందుకే డెవలప్‌మెంటుకి ఇచ్చేస్తున్నాం అంటారు. వాళ్ళు పడుతున్న ఇబ్బంది నిజమే. కానీ ఆ ఉడుకూ ఆ చెమ్మా ఇంటితో పాటు పుట్టినవి కావు. తరవాత నలభై యాభై ఏళ్ళపాటు జరిగిన రిపేర్లతో వచ్చి చేరినవి. మా ఇంటిని బాగుచేయించాక ఈ విషయంలో నాకు అనుమానమే లేకుండా పోయింది. పాత ఇంటిని దాని పద్ధతిలోనే బాగుచేయడమే కరెంటు ఆదాకి మొదటి మెట్టని నా వాదన. ఫ్యాన్లు, సోలారు, ఏసీ అన్నీ ఆ తరవాతే.

మా ఇల్లు 1936లో కట్టింది. విశాఖలో హార్బరు 1933లో తెరిచారు. ఆ పనుల రోజుల్లో ఇటువైపు వచ్చిన ఒక ఆర్కిటెక్టు చేత తాతగారు ప్లాను గీయించారు. ఆయన బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుకున్న మనిషి. ట్రేసింగు గుడ్డ మీద నల్లసిరాతో గీసిన ఆ ప్లాను ఇంకా మా దగ్గరే ఉంది. మడతల దగ్గర గుడ్డ పసుపెక్కింది గానీ గీతలు చెదరలేదు. అందులో ఉత్తరం గుర్తు పక్కనే ఇంకో రెండు బాణాలున్నాయి. ఒకటి ఆగ్నేయం నుంచి, ఒకటి నైరుతి నుంచి. గాలి ఎటు నుంచి వస్తుందో ముందు గుర్తుపెట్టుకుని, ఆ తరవాత గదులు వేశారాయన. పడక గదులు సముద్రపు గాలి తగిలే తూర్పు, దక్షిణాలకి పెట్టారు. పడమర గోడ పొడవునా మెట్లు, సామాన్ల గది, స్నానాల గది. అంటే సాయంత్రపు ఎండంతా మనుషులు కూర్చోని గదుల మీదే పడుతుందన్నమాట. మధ్యలో పైన ఆకాశం కనిపించే మండువా. దాని చుట్టూ గదులకి పైకప్పు కింద ఎదురెదురుగా వెంటిలేటర్లు.

ఆ ప్లానులో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఉత్తరం వైపు కిటికీల సన్‌షేడ్లు. ఉత్తరాన ఎండే పడదు కదా, అటు సన్‌షేడ్లు దండగ అని మా చుట్టాల్లో చాలామంది అనేవాళ్ళు. మన ఊరు భూమధ్యరేఖకి 18 డిగ్రీల ఉత్తరాన ఉంది. మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి నడినెత్తి దాటి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. సరిగ్గా మండే రోజుల్లోనే ఉత్తరపు కిటికీల మీదికి ఎండొస్తుంది. ఆ సంగతి తెలిసిన మనిషి గీసిన ఇల్లిది. సూర్యుడు అంత నిటారుగా ఉంటాడు కాబట్టే మన దగ్గర గోడలకన్నా పైకప్పు మీద పడే వేడి ఎక్కువ. పై అంతస్తులో ఉండేవాళ్ళని ఎవర్నడిగినా చెబుతారు.

ఇలాంటి ఇంటికి తరవాత ఏం జరిగిందో చూడండి. దాదాపు ప్రతి పాత మేడకీ ఇదే కథ. దక్షిణపు వరండాకి అద్దాలు బిగించి గదిగా మార్చారు. పావురాలు వస్తున్నాయని వెంటిలేటర్లని ఇటుకలు పెట్టి మూసేశారు. వాన జల్లు పడుతోందని మండువా మీద ఫైబరు రేకు వేశారు. గోడలు పెచ్చులూడుతున్నాయని నడుము ఎత్తు దాకా సిమెంటు పూత వేయించారు. మేడ కురుస్తోందని పైన నల్లటి తారు షీటు పరిపించారు. ఒక్కో రిపేరుకీ ఆనాటికి ఒక్కో కారణం ఉంది. అన్నీ కలిసేసరికి గాలొచ్చే దారీ పోయింది, వేడి పోయే దారీ పోయింది, చెమ్మ ఆరే దారీ పోయింది. దాని మీద ఏసీ పెట్టి, ఇల్లు చల్లబడటం లేదని ఇంటినే తిట్టుకుంటున్నాం.

గోడల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. 

పాత గోడలు ఇటుక, సున్నంతో కట్టినవి. పునాది మీద ఇప్పట్లా చెమ్మని ఆపే పొర ఉండదు. నేలలోని తేమ కొంత గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది, సున్నపు పూతలోంచి ఎప్పటికప్పుడు ఆరిపోతూనే ఉంటుంది. దాని మీద సిమెంటు పూత వేయడమంటే గోడకి రెయిన్‌కోటు తొడిగి చెమట పట్టకూడదనడమే. మా నడవాలో సిమెంటు పూతని తీయిస్తుంటే పలకలు పలకలుగా ఊడొచ్చింది. వెనకాల ఇటుకల మీద తెల్లటి ఉప్పు నూగులా పొంగి ఉంది. వేలితో రాస్తే పాత సున్నం గుండలా రాలింది. సిమెంటు ఎంత ఎత్తున ఆగిందో సరిగ్గా ఆ గీత మీద పెయింటు బుడగలు కట్టి ఉంది. కింద దారి మూసేస్తే తేమ ఇంకొంచెం పైకి పాకి, సిమెంటు లేని చోట బయటపడిందన్నమాట.

సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రి ఒకాయన చీపురుపల్లి వైపు ఉన్నాడని తెలిసి పిలిపించాం. గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి అన్నాడు: "సిమ్మెంటేసీసినారు కదమ్మా. నోపలి సెమ్మ ఎటెల్లాల? గోడే తాగాల." ఆ ఊరి ఈ ఊరి ఇంజినీర్లు రాసిచ్చిన కాగితాలన్నిటికన్నా ఈ రెండు ముక్కలు నాకు ఎక్కువ పనికొచ్చాయి.

దీనికీ కరెంటుకీ సంబంధం ఏమిటంటారా? తడిసిన ఇటుక పొడి ఇటుక కన్నా వేడిని బాగా లోపలికి పంపుతుంది. పైగా ఆ తేమంతా గదిలోకి ఆరుతూ ఉంటే ఉక్కపోత పెరుగుతుంది. మనది తీరప్రాంతం. మనల్ని బాధపెట్టేది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, చెమట ఆరనివ్వని గాలి. ఏసీ పనిలో ఒక భాగం ఆ తేమని పిండి బయట పోయడమే. చెమ్మెక్కిన గోడల మధ్య ఏసీ పెడితే, గోడలోంచి వచ్చే నీళ్ళని తోడటానికి కూడా మనమే బిల్లు కడతాం.

సున్నం పూత నిదానపు పని. రాతి సున్నాన్ని గోతిలో వేసి నీళ్ళు పోస్తే కుతకుతా ఉడుకుతుంది. ఆ ముద్దని వారాల తరబడి నీళ్ళ కింద ఉంచాలి. ఎంత నానితే అంత వెన్నలా వస్తుంది. తరవాత జల్లించిన ఇసుక, చెమ్మ ఉన్నచోట ఇటుక పొడి కలుపుతారు. బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ మా మేస్త్రి తన లెక్కలో తను పోశాడు. ఒక పూత గట్టిపడ్డాకే ఇంకో పూత. ఎండ మరీ తీవ్రంగా ఉంటే తొందరగా ఆరి బీటలిస్తుంది, కాబట్టి తడి గోనెలు కప్పి ఉంచాలి. మన వైపు అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. అందుకని డిసెంబరులో మొదలుపెట్టి శివరాత్రి లోపల బయటి పని ముగించడం మేలు. "అక్కా, ఈ సున్నం గొడవెందుకు, నాలుగు రోజుల్లో సిమెంటు కొట్టించేద్దాం" అని మా తమ్ముడు చాలాసార్లన్నాడు. గోడలు పూర్తయ్యాక నడవాలో గోడకి వీపు ఆనించి కూర్చుని ఇంక ఆ మాటెత్తలేదు. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఇంత కష్టమూ వృథా. సున్నమే కొట్టాలి, రంగు కావాలంటే అందులోనే కలపాలి.

ఇక పైకప్పు. మాది మద్రాసు టెర్రసు. బర్మా టేకు దూలాలు, వాటి మీద వాసాలు, వాసాల మీద నిలువుగా పేర్చిన సన్నటి ఇటుకలు, ఆపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి రోజుల తరబడి చెక్కలతో కొట్టి గట్టిపరిచిన పొర, దాని మీద పలక పెంకులు. మొత్తం దాదాపు అడుగు మందం. ఈ టేకు రంగూన్ నుంచి ఓడల్లో వచ్చినది. మన జిల్లాల నుంచి ఎన్ని వేలమంది బతుకుతెరువుకి రంగూన్ వెళ్ళారో తెలిసినవాళ్ళకి ఆ దూలాలు ఒట్టి కలపలా కనిపించవు. 1942లో జపాను బర్మాని ఆక్రమించాక ఆ రాకపోకలూ ఆగిపోయాయి, ఆ టేకూ ఆగిపోయింది.

ఇంటిని చూడటానికి వచ్చిన మొదటి ఇంజినీరు నిలబడే చెప్పేశాడు, ఇది తీసేసి శ్లాబు వేసుకోండని. నేను ఒప్పుకోలేదు. లెక్క చూడండి. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు పైకప్పులోంచి ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే అంకెని యూ-విలువ అంటారు. ఎంత తక్కువైతే అంత మంచిది. ఇళ్ళలో కరెంటు ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పుకి అది 1.2 దాటకూడదు. నాలుగైదు అంగుళాల ఒట్టి కాంక్రీటు శ్లాబుకి అది 3 దాటుతుంది. అడుగు మందపు సున్నపు టెర్రసుకి దాదాపు అందులో సగం. అంటే పాతదాన్ని పడగొట్టి, బోలెడు డబ్బు పోసి, రెట్టింపు వేడినిచ్చే కప్పు కట్టుకోవాలన్నమాట! పాత టెర్రసు కూడా 1.2 లోపలికి రాదు, నిజమే. కానీ దాన్ని తెల్లగా ఉంచితే పడిన ఎండలో చాలా భాగం అక్కడి నుంచే తిరిగిపోతుంది. తారు షీటు చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఎండని ఇలా తిప్పికొట్టే కప్పుల కోసం తెలంగాణ 2023లో ఏకంగా కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మన తాతలు ఏటా మేడ మీద సున్నం కొట్టించిందీ అదే పని.

మేం తారు షీటు పీకించేసి, పగిలిన చోట సున్నపు పొర కొత్తగా వేయించి, పలకలు అతికించి, ఏటా మార్చిలో తెల్ల సున్నం కొట్టిస్తున్నాం. దూలాల్ని వడ్రంగి ఒక్కొక్కటే సుత్తితో తట్టి చూశాడు. మధ్యలో తడితే గంటలా పలికింది. గోడలోకి దూరిన చివర దగ్గర రెండు దూలాలు మాత్రం డబ్ డబ్‌మని మొద్దుగా మోగాయి. స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే లోపలికి దిగిపోయింది. ఆ రెండూ మేడ మీద తరవాత కట్టిన బాత్రూము కిందివే. కుళ్ళిన చివర్లు మట్టుకు కోసి, పాత టేకు ముక్కలు అతికి, రెండు పక్కలా ఇనప పట్టీలు బోల్టులతో బిగించారు. ఈమాత్రం దానికి మొత్తం పైకప్పు తీసేయమన్నారంటే, ఎన్ని ఇళ్ళు ఇలా ఒక్కమాటతో పోయి ఉంటాయో!

మందపు కప్పుకి ఒక గుణం ఉంది. పగలు మింగిన వేడిని సాయంత్రం తరవాత మెల్లగా లోపలికి వదులుతుంది. ఆ వేళకి గాలి ఆడితే అది పోతుంది, లేకపోతే రాత్రంతా పక్క కాలుతుంది. వెంటిలేటర్లు ఉన్నది అందుకే. వేడి గాలి పైకెళ్ళి వాటిలోంచి బయటికి పోవాలి, చల్లగాలి కింద కిటికీల్లోంచి రావాలి. పాత ఇళ్ళమీద ఇష్టం ఉన్నవాళ్ళు ఇక్కడే ఒకటి మర్చిపోతారు. మన ఊళ్ళో సాయంత్రం కిటికీలు మూయించేది దోమ! ఆరింటికి సముద్రపు గాలి ఆడే వేళకే మనం తలుపులన్నీ బిగించుకుంటాం. దోమల సంగతి తేల్చకుండా గాలీ వెలుతురూ అని ఎన్ని కబుర్లు చెప్పినా ఎవరూ కిటికీ తెరవరు.

వల కొడితే గాలి తగ్గుతుంది. ప్రతి కిటికీకీ విడిగా కొడితే మరీ తగ్గుతుంది. అందుకని అద్దాలు పీకించిన వరండాకి బయటి వరసలో, స్తంభాల మధ్య, చెక్క ఫ్రేముల్లో స్టీలు వల పెట్టించాం. వల వైశాల్యం కిటికీలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి గాలికి అడ్డు తక్కువ. లోపలి కిటికీలన్నీ రాత్రంతా తెరిచే ఉంటాయి. ఫ్రేములు మరలతో బిగించినవే. రేపెవరైనా తీసేయాలనుకుంటే స్తంభాలకి దెబ్బ తగలదు. వెంటిలేటర్లలో ఇటుకలు తీయించి అక్కడా వల పెట్టించాం, పావురాల గొడవా పోయింది. మండువా మీది రేకు తీసేశాం. జల్లు పడుతుంది. పడనీ, ఆ నీళ్ళు పోవడానికి తూము అక్కడే ఉంది.

ఇంతా చెప్పి, ఏసీ వద్దంటున్నానా? అనను. అనే హక్కు ఎవరికీ లేదనుకుంటాను. మా అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మేలో పడమటి గాలి కొట్టే రోజుల్లో, జూన్‌లో వాన రాక ఉక్కపోసే రాత్రుళ్ళు ఆవిడకి ఏసీ కావాలి. పాత ఇల్లంటే పవిత్రం, మేకు కొట్టకూడదు అనేవాళ్ళతో నాకు పేచీ. ఇంట్లో మనిషి ఉండలేకపోతే ఆ ఇల్లు పదేళ్ళలో పడిపోతుంది. కానీ ఏసీ ఏ గదిలో పెట్టాలో ఇంటినే అడగాలి. పద్నాలుగు అడుగుల ఎత్తు హాల్లో, నాలుగు తలుపులున్న గదిలో పెడితే అది గాలిని కాదు, బిల్లుని తిప్పుతుంది. మా ఇంట్లో ఒకప్పటి గాదె గది ఉంది. చిన్నది, కప్పు తక్కువ ఎత్తు, పడమటి ఎండ తగిలే గోడ లేదు, ఒకే తలుపు. అమ్మకి ఆ గది సిద్ధం చేశాం. తలుపు సందులకి రబ్బరు పట్టీ, కిటికీకి లోపల రెండో అద్దపు రెక్క, టన్ను ఇన్వర్టరు ఏసీ. 2020 నుంచి స్టారు గుర్తున్న ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు తగ్గుతుందని కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. అమ్మకి 26 దగ్గర పెట్టి ఫ్యాను వేస్తే చాలు.

ఫ్యాన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, మార్చేయండి. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను (బ్రష్‌లు లేని కొత్తరకం మోటారుది) 30 చుట్టూ. రోజుకి పదహారు గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద 0.7 యూనిట్లు మిగులుతుంది. ఎత్తు కప్పు ఇళ్ళల్లో ఒక్క జాగ్రత్త: రాడ్డు పొడుగ్గా వేయించి, రెక్కలు నేలకి ఎనిమిది తొమ్మిది అడుగుల్లో ఉండేలా దించాలి. పైన కప్పు దగ్గర తిరిగితే అక్కడున్న వేడి గాలినే కలియబెడుతుంది.

సోలారుకి ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం కింద 2024 నుంచి మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. పెట్టే కుర్రాళ్ళు నేరుగా మేడెక్కి డ్రిల్లింగ్ మిషను తీశారు. ఆపాను. సున్నపు టెర్రసుకి చిల్లు పెడితే వానాకాలంలో నీళ్ళు ఆ చిల్లు వెంటే దూలం దాకా వెళ్తాయి. పెరట్లో తరవాత కట్టిన వంటిల్లు ఉంది, దానిది కాంక్రీటు శ్లాబు. ప్యానెళ్ళు దాని మీద పెట్టించాం, ఆ శ్లాబుకి నీడా దొరికింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఎలా వచ్చిందో చూసిన ఊరు మనది. మన తీరానికి లెక్కలోకి తీసుకోవలసిన గాలి సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలికి తట్టుకునే ఫ్రేమూ బోల్టులూ అని కాగితం మీద రాయించుకోండి, మొహమాటపడకండి.

ఖర్చు గురించి దాచడం నాకిష్టం లేదు. చదరపు అడుగుకి సున్నం పూత సిమెంటు కన్నా ఖరీదే. మనుషులు దొరకరు, దొరికినా ఒక చోటే నాలుగు నెలలు ఉండలేరు. కానీ సిమెంటు పూత ఐదారేళ్ళకోసారి ఊడి మళ్ళీ వేయించడం మా ఇంట్లో మూడు తరాలుగా జరుగుతున్నదే, ఆ లెక్క ఎవరూ వేయరు. మొత్తం పడగొట్టి కడితే ఇంకో లెక్కుంది. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడులో 7, 8 శాతం సిమెంటు తయారీదే. సున్నంతో కట్టిన ఇటుకని గోకి మళ్ళీ వాడుకోవచ్చు. సిమెంటుతో కట్టినది విరిగి చెత్తకి పోతుంది.

నిజానికి చాలా ఇళ్ళని ఎండా చంపదు, ఖర్చూ చంపదు. వాటాలు చంపుతాయి. ఐదుగురు అన్నదమ్ములు, పదిహేనుమంది పిల్లలు, అందరికీ తలో ఫ్లాటు. దానికి నా దగ్గర మందు లేదు. కానీ వాటాదారుల ముందు "ఇది ఉండటానికి పనికిరాని ఇల్లు" అనే మాటని మాత్రం చెల్లనివ్వకూడదు. ఎక్కువ ఇళ్ళు పోయేది ఆ మాట మీదే.

గంటస్తంభం, 1919 నాటి సంగీత కళాశాల, గురజాడ వారి ఇల్లు, వీటికి ఏదైనా జరిగితే నలుగురూ మాట్లాడతారు. అయినా 2020లో మూడు లాంతర్ల స్తంభం కళ్ళముందే కూల్చేశారు. ఇక వీధి ఇళ్ళ కోసం ఎవరు అడుగుతారు? ఊళ్ళో జేఎన్‌టీయూ గురజాడ ఉంది, ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. సివిల్ చదివే పిల్లలకి ఒక్క సెమిస్టరు ప్రాజెక్టుగా పాత ఇళ్ళ కొలతలు తీయించండి, ఏ గోడ ఎంత మందం, ఏ వెంటిలేటరు ఎటు తెరుచుకుంటుందో గీయించండి, మే నెలలో లోపలా బయటా ఉష్ణోగ్రతలు రాయించండి. కిందటి మేలో బయట 39 ఉన్నప్పుడు మా నడవాలో 32 ఉంది. ఏసీ లేదు, ఒక ఫ్యాను తిరుగుతోందంతే. ఇలాంటి అంకెలు పది ఇళ్ళవి దొరికితే వాటాల పంచాయితీలో పెట్టడానికి ఒక కాగితం ఉంటుంది. మిగిలిన సున్నం మేస్త్రిలని ఐటీఐలో పాఠాలు చెప్పడానికి పిలవండి. మా మేస్త్రికి డెబ్భై దాటాయి. ఆయన దగ్గర ఇప్పుడు నేర్చుకుంటున్నది మనవడొక్కడే.

మా వెనక వీధిలో ఇంకో మేడ ఉంది, మా ఇంటికన్నా పాతది. బిల్డరుతో అగ్రిమెంటు ఇంకా రాసుకోలేదని విన్నాను. ఈ ఆదివారం మేస్త్రిని తీసుకుని వెళ్తున్నాను, మా ప్లానూ బిల్లులూ కూడా పట్టుకెళ్తాను. వాళ్ళ పెద్దమ్మగారు గోడలు చూపిస్తామన్నారు.